పొద్దుండగా రమ్మంది

పరశురాములు కెమెరాను కడుపుకు ఆనించుకుని, తల వంచి, దాని పైనున్న అద్దంలోకి చూస్తున్నాడు. నిలువునా రెండు కండ్లుండే పాత కెమెరా అది. అందులో మనిషిని చూడాలంటే మనిషి ముందు తల వంచక తప్పదు. పెండ్లిపిల్ల గిరిజ కండ్లు దించుకుని కూర్చుంది. పెండ్లికొడుకు లేచి పుస్తెను రెండు చేతులా పట్టుకున్నాడు. పెండ్లి చేయిస్తున్న అయ్యగారు బ్యాండువాళ్ళ వైపు చెయ్యి ఊపాడు. మోత ఎత్తుకుంది. సరిగ్గా అప్పుడే అద్దం నిండా ఒక తెల్లటి వీపు వచ్చి నిలబడింది.

ఆ వీపు పెండ్లికొడుకు మేనమామ జలపతి రావుది. ఇస్త్రీ లాల్చీ, చంకల కింద చెమట మరకలు. అక్షింతలు వేయడానికి లేచినవాడు, వేసి కూర్చోవచ్చు కదా, నడుము మీద చేతులు పెట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

"సార్, జర పక్కకు" అన్నాడు పరశురాములు. మోతలో ఆ మాట తనకే వినపడలేదు. మోకాళ్ళ మీదికి దిగి చూశాడు. ఎవరి చంకలోదో చంటిబిడ్డ తల అడ్డం వచ్చింది. పక్కనున్న బల్ల ఎక్కుదామంటే దాని మీద అప్పటికే ఆడపిల్లలు ఎక్కి ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని ఊగుతున్నారు. వీపు పక్కకు జరిగేసరికి ముడులు పడిపోయాయి. పెండ్లికొడుకు కూర్చుని చేతులు తుడుచుకుంటున్నాడు.

ఊళ్ళో అయితే ఇట్లాంటివాళ్ళను దొర అనాలి. అడవిలోని అన్నలు ఆ మాట అనొద్దన్నారు. జగిత్యాలలో కిరాయి ఇంటి ముందు వేసిన ఈ పందిట్లో ఏమనాలో తెలియక పరశురాములు పొద్దుటినుంచి అందరినీ సార్ అనే అంటున్నాడు. పెండ్లిపిల్ల తండ్రి గోపాల్ రావుది కథలాపూర్ దగ్గరి ఊరు. అన్నల భయానికి అక్కడి పెద్ద ఇంటికి తాళం వేసి ఈ ఊరు చేరి చాలా రోజులైంది. పిల్ల పెండ్లి కూడా సొంత వాకిట్లో చేసుకోలేకపోయాడు. ఫ్లాష్ వెలిగినప్పుడల్లా ముందు వరుసలోని ముసలివాళ్ళు ఉలిక్కిపడి గేటు వైపు చూస్తున్నారు.

పెండ్లిపిల్ల తల్లి రత్నమాల వేదిక మీదినుంచే వంగి, పుస్తె కట్టేటప్పటి ఫోటో వచ్చిందా అని అడిగింది. అబద్ధం ఆడడం పరశురాములుకు చేతకాదు.

"సార్ అడ్డం అచ్చిండమ్మా."

"మరి నిన్నెందుకు పిలిచినట్టు? అందరి మీద చెప్పుడేనా?" అంది ఆమె.

అడ్డం వచ్చిన జలపతి రావు నవ్వి, దాందేముంది, ఇంకోసారి కట్టిస్తే సరిపాయె అన్నాడు. అయ్యగారు చెవులు మూసుకున్నాడు. కట్టిన పుస్తెను విప్పి కట్టడమా అని పెద్దవాళ్ళు గొణిగారు. చివరికి, కట్టిన ముడి మీదే పెండ్లికొడుకు ఉత్తుత్తిగా వేళ్ళు పెట్టాడు. బ్యాండు లేదు, అక్షింతలు లేవు. పరశురాములు మీట నొక్కాడు. ఇందాక గిరిజ ముఖంలో ఉన్న వణుకు ఈ ఫోటోలో లేదు. అది ఏ ఫోటోలోనూ ఉండదు. వీళ్ళు రేపు ఆల్బం తిప్పుతూ అదేమిటో తెలియకుండానే, ఫోటోగ్రాఫర్ మంచోడు కాదు అనుకుంటారు. కోరుట్లలో దుకాణం పెట్టిన నాటినుంచీ ఆయన బతుకంతా ఇదే. తప్పు ముందు నిలబడ్డవాళ్ళది, చెడ్డపేరు వెనక నిలబడ్డవాడిది.

ఎవరో ఏడాది పిల్లను తెచ్చి పెండ్లికొడుకు ఒడిలో కుక్కి, దీన్నిట్ల ఫోటో కొట్టు అన్నారు. పిల్ల గుక్కపెట్టింది. పరశురాములు దాని చెయ్యి పట్టుకుని సర్దబోయి ఆగాడు. చెయ్యి కాలుతోంది.

"పిల్లకు జరమున్నదమ్మా. నీడకు తీస్కపోండి" అన్నాడు. తల్లి బిత్తరపోయి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసుకుంది. పక్కనున్న ఆమె మాత్రం, ముందు ఫోటో కానియ్యి అంది.

ఆయన మనసు ఇక్కడ లేదు. పందిరి గుడ్డల సందులోంచి నేల మీద పడే ఎండ మరకను మాటిమాటికీ చూసుకుంటున్నాడు. అది అరుగు దాటకముందే బయలుదేరాలి.

నిన్న సాయంత్రం దుర్గవ్వ దుకాణానికి వచ్చింది. సిరిసిల్లలో పరశురాములు తల్లి ఇంటి పక్కిల్లే ఆమెది. కోరుట్లలో బిడ్డను చూసి పోతూ, బస్సెక్కే ముందు గడపలో నిలబడి చెప్పింది. "మీ అవ్వ రమ్మన్నది తమ్మీ. రేపు పొద్దుండంగ రమ్మన్నది. ఫోటో డబ్బ తీస్కొని రమ్మన్నది."

పరశురాములు నమ్మలేదు. అవ్వ కొమురవ్వ ఫోటో దిగుతాననడం వింతే. దుర్గవ్వ కొంగుతో మూతి తుడుచుకుని మిగతాది కూడా చెప్పింది. కాళ్ళు వాచాయట. గంజి కూడా పోవడం లేదట. ఎందుకమ్మా ఇప్పుడు ఫోటో అని దుర్గవ్వే అడిగిందట. "చిన్నోడు ఎన్నడో ఓనాడు అస్తడు. గప్పటిదాంక నేనుండ. మొకమన్న జూస్కుంటడు, అన్నది."

చిన్నోడంటే సాయిలు. పరశురాములు తమ్ముడు. మగ్గాల సంఘంలో తిరిగీ తిరిగీ ఒకనాడు ఇంటికి రాలేదు. అడవిలో అన్నలతో ఉన్నాడని ఊరంతా చెప్పుకుంది. సాయిలుది ఒకే ఒక ఫోటో ఉండేది. కొండగట్టు మెట్ల మీద, మొక్కు తీర్చుకున్ననాడు, అవ్వ పక్కన నిలబడితే పరశురాములే తీశాడు. అవ్వ చెయ్యి కొడుకు భుజం మీద ఉంది. పోలీసులు దాన్ని గోడ మీదినుంచి మేకుతో సహా పీక్కుపోయారు. తర్వాత సాయిలు ముఖం బస్టాండు గోడ మీదికి వచ్చింది, పట్టిచ్చినవాళ్ళకు బహుమానమని. అవ్వను కత్తిరించి పారేశారు గాని చెయ్యి పోలేదు. కాగితంలో వాడి భుజం మీద గాజులతో అట్లాగే ఉండిపోయింది. అవ్వ ఆ గోడ ముందు నిలబడి, "నా చెయ్యి" అని మాత్రం అంది. కొడుకును ఏమీ అనలేదు. ఆ తర్వాత పరశురాములు కెమెరాతో ఇంటికి వెళ్ళినప్పుడల్లా కొంగు ముఖం మీదికి లాక్కునేది.

అట్లాంటి అవ్వ రమ్మంది. అదీ పొద్దుండగా. కంటి ఆపరేషన్ అయిననాటినుంచి ఆమెకు వెలుతురు ఒక్కసారిగా పడితే కండ్లు మండుతాయి. ఫ్లాష్ పనికిరాదు, ఎండలోనే తీయాలి. అందుకే రాత్రి భార్య నీలతో చెప్పి ఒక కొత్త రీలు విడిగా సంచిలో పెట్టించాడు. పొద్దుటి లగ్గమే గనక మధ్యాహ్నానికి బయటపడొచ్చు అనుకున్నాడు.

తలంబ్రాలు అయ్యాయి. అప్పగింతల దాకా ఉండలేనని పొద్దున రాగానే చెప్పాడు. గోపాల్ రావు సరేనన్నాడు కూడా. తీరా సంచి కోసం గోడవార చూస్తే సంచి లేదు.

"లోపల అర్రల పెట్టిచ్చిన. బయటుంటే ఎవడన్న ఎత్తుకపోతడు" అన్నాడు జలపతి రావు. కానుకల గదికి తాళం. తాళంచెవులు రత్నమాల నడుముకు ఉన్నాయి. ఆమె తలనొప్పని పడుకుంది. లేపొద్దంది.

పరశురాములు చేతులు కట్టుకుని, సిరిసిల్ల పోవాలనీ, అవ్వకు బాగాలేదనీ, పొద్దుండగానే చేరాలనీ చెప్పాడు.

"శశిధర్ బావ ఇంక రాలే. ఆయన లేకుంట గ్రూపు ఫోటో ఎట్లయితది? అది అయినంక పోదువు" అన్నాడు జలపతి రావు. పరశురాములు కదలకుండా నిలబడ్డం చూసి, విసుగ్గా కూడా కాదు, నచ్చజెప్పినట్టుగానే అన్నాడు: "మీ అవ్వ యాడికి పోతది? ఇంట్లనే ఉంటది గద."

అలిసిపోయి పీట మీద కూర్చున్న గిరిజ ఈ మాటలు విన్నది. చేతులకు తలంబ్రాల పసుపు ఇంకా ఉంది. పక్కనున్న వాళ్ళతో, ఆయన సంచి ఆయనకు ఇచ్చేయండి అంది. కొత్త పెండ్లిపిల్లవు, నువ్వు ఊకోవే అని వాళ్ళు ఆమె నెత్తిన పూలు సర్దారు. గిరిజ ఆయన వైపు చూసి మళ్ళీ తల దించుకుంది. ఈ ఇంట్లో తన మాట కూడా ఎంతవరకు పోతుందో ఆ పిల్లకు ఇవాళే తెలిసినట్టుంది.

ఎండ మరక అరుగు దాటింది. గోడ పాకింది.

శశిధర్ రావు కారు వచ్చింది. ఆయన నల్లద్దాలు పెట్టుకుని ఒక ఫోటో, తీసి ఒక ఫోటో దిగాడు. రెప్ప వేశానేమో అని ఇంకొకటి. వరుసగా నిలబెడితే ఒకరు దువ్వెన కోసం పోయారు. ఆ ఒకరు వచ్చేసరికి ఇద్దరు భోజనాలకు పోయారు. "నన్ను సగం కొయ్యకు" అని ఒకరు, "మా అత్తను పడనియ్యకు" అని చెవిలో ఇంకొకరు. పరశురాములు అందరికీ తల ఊపాడు. ఫోటో అనగానే మనుషులు తమ ముఖం తప్ప లోకంలో ఇంకో ముఖం లేనట్టు ఎందుకయిపోతారో ఆయనకు ఇంతకాలమైనా అంతుపట్టలేదు. కోపం కూడా రాదు. కోపం వస్తే కెమెరా కదులుతుంది.

కెమెరాలోని రీలు అయిపోయింది. అప్పటికి రత్నమాల లేచింది, సంచి బయటికి వచ్చింది. జలపతి రావు కారు బానెట్ మీద చెయ్యి వేసి నిలబడి, నన్నొకటి కొట్టు అన్నాడు.

"రీలు ఒడిసింది సార్."

"సంచిల ఇంకోటున్నది గద. నేను జూసిన."

పరశురాములు సంచిని చంకలోకి లాక్కున్నాడు. "అది తీసిన రీలు సార్. వేరేటోల్లది" అన్నాడు. నోటినుంచి అబద్ధం అంత సులువుగా వస్తుందని ఆయన అనుకోలేదు. జలపతి రావు బానెట్ మీదినుంచి చెయ్యి తీసి, గిసొంటోన్ని ఎవడు కుదిర్చిండు అని లోపలికి పోయాడు.

బస్సు నిండుగా ఉంది. కొండగట్టు మీదుగా వేములవాడ పోయే బస్సు. మల్యాల దగ్గర పోలీసులు ఆపి మగవాళ్ళందరినీ దించారు. తుపాకుల ముందు వరుసగా నిలబడి పేరు, ఊరు, పని చెప్పాలి. ముందున్న ముసలాయన తన ఊరి పేరు చెప్పడానికే తడబడుతున్నాడు. పరశురాములు తల ఎత్తకుండానే మట్టిరోడ్డు మీద తన నీడను చూశాడు. పొడుగైంది.

కొండగట్టు దగ్గర గుండ్లు చేయించుకున్న జనం ఎక్కారు. ఒక చిన్న వయసు తల్లి, ఒడిలో గంధం పూసిన గుండు పిల్లగానితో, ఆయన పక్కన ఇరుక్కుని కూర్చుంది. మెడలో కెమెరా చూసింది. బస్సు ఆగినప్పుడు ఒక్క ఫోటో తియ్యరాదే అన్నా, మొదటి పుట్టెంటికలు తీసినం అంది. ఇంటాయన దుబాయిలో ఉన్నాడట, చూసుకుంటాడట. పిల్లగాడు కెమెరా తోలుపట్టీని నోట్లో పెట్టుకోబోయాడు. పరశురాములు మెల్లగా విడిపించి, రీలు లేదు చెల్లె అన్నాడు. ఆమె సరేనన్నట్టు నవ్వి పిల్లగాని గుండు మీద కొంగు కప్పింది. ఇవాళ ఇది రెండో అబద్ధం. మొదటిది బరువనిపించలేదు గాని ఇది వేములవాడ దాకా గుండెల మీదే కూర్చుంది.

వేములవాడలో దిగి సిరిసిల్ల బస్సు పట్టుకునేసరికి పొద్దు చెట్ల వెనక్కి దిగింది. వెలుతురు ఇంకా ఉంది. కెమెరా కన్ను పెద్దగా తెరిచి, అవ్వను కదలొద్దంటే వస్తుంది అని లెక్కేసుకున్నాడు. అవ్వ కదలదు. ఎన్నడూ కదిలే మనిషి కాదు. నాయిన పోయిన తర్వాత నూలు కండెలు చుట్టీ చుట్టీ ఇద్దరు పిల్లలను సాకింది. మగ్గం దుమ్ముతో పెద్దకొడుకుకు దగ్గు పట్టుకుంటే, నువ్వు ఈ పనిల ఉండకు బిడ్డా అని తానే ఫోటో స్టూడియోలో పనికి పంపింది. ఆ పనే తర్వాత చిన్నకొడుకును గోడ మీదికి ఎక్కించింది.

సిరిసిల్లలో దిగి సందుల్లోంచి నడిచాడు. మరమగ్గాల చప్పుడు ఇంటింటినుంచీ వస్తోంది. తమ వాడ మలుపు తిరిగాడు. చప్పుడు లేదు. ఆ వాడలో మగ్గాలన్నీ ఒక్కసారి ఆగాయంటే కరెంటన్నా పోయి ఉండాలి, మనిషన్నా పోయి ఉండాలి. స్తంభానికి బల్బు వెలుగుతోంది.

పరశురాములు పరుగెత్తలేదు. మామూలుగానే నడిచాడు.

అవ్వ ఇంటి గోడ ముందు ఇనుప కుర్చీలో కూర్చునే ఉంది. నెత్తికి నూనె. ముఖానికి ఎవరో ఆడపిల్ల దగ్గర అడిగి రాసుకున్న పౌడరు, ముడతల్లో తెల్లగా నిలిచింది. ఉతికిన చీర. రెండు చేతులూ ఒడిలో. దుర్గవ్వ కింద కూర్చుని ఆమె పాదాలు పట్టుకుని ఉంది.

"పగటియాల్ల సంది గిట్లనే కూసున్నది తమ్మీ. లోపలికి పోదాం రా అంటె ఇనలే. ఎండకు కండ్లు మండుతున్నయ్, జరసేపు మూస్కుంట, పెద్దోడు అచ్చినంక లేపు, అన్నది." దుర్గవ్వ ఏడవడం లేదు. "నువ్వు అస్తున్నవేమోనని సందు దిక్కు జూసచ్చి లేపిన. లేవలే."

పరశురాములు అవ్వ చెంప మీద చెయ్యి పెట్టాడు. వేలికి పౌడరు అంటింది.

వాడంతా చేరింది. ఇంకా కొంచెం వెలుతురుంది, తియ్యి అన్నారు. అంత ఆశపడి కూర్చున్నది, తీయకపోతే ఎట్లా అన్నారు. పోయినవాళ్ళను కూర్చోబెట్టి ఫోటో తీయడం ఆయనకు కొత్త కాదు. ఎందరివో గదవలు పట్టుకుని ముఖాలు సర్దాడు. కొత్త రీలు ఎక్కించి, కెమెరాను కడుపుకు ఆనించి తల వంచాడు. అద్దంలో మసకగా అవ్వ. ఆమె వెనకకు ఒకరు, పక్కకు ఇద్దరు, మగ్గాల కనకయ్య తలపాగా సర్దుకుంటూ ఇంకో వైపు. మేం గూడ పడాలె అన్నారెవరో. జర పక్కకు జరగండి అందామనుకున్నాడు. మీట నొక్కాడు.

తలెత్తేసరికి పక్కన ఒక మనిషి ఉన్నాడు. మామూలు బట్టల్లో ఉన్నా ఎవరో అందరికీ తెలుసు. సాయిలు అడవికి పోయిననాటినుంచి సందు మొదట్లో చాయ్ హోటల్ ముందు కూర్చునే పోలీసు ఠాణా మనిషి.

"మంచిపని జేసినవ్, డబ్బ తెచ్చుకున్నవ్" అన్నాడు మెల్లగా. "ఇగ అచ్చేటోల్లందర్ని కొట్టు. రేపు పీనుగ లేచేదాంక. మొకాలు సాఫ్ రావాలె. రీలు సారుకియ్యాలె."

పరశురాములు జనాన్ని చూశాడు. ఏడవడానికి వచ్చినవాళ్ళు. ఇంకా రాబోయేవాళ్ళు. అవ్వ పోయిందని తెలిస్తే సాయిలు రావచ్చు. రాలేకపోతే ఎవరినైనా పంపవచ్చు. ఎవరు వచ్చినా, వాళ్ళ ముఖం ఎవరి పక్కనుంచో కత్తిరించబడి గోడ మీదికి పోతుంది. రీలుతో పాటు అవ్వ కూడా ఠాణా బల్ల మీదికే పోతుంది.

ఆయన స్తంభం బల్బు కిందికి నడిచాడు. రీలు సరిగ్గా తిరుగుతలేదు సార్ అన్నాడు. కెమెరా వెనక తలుపు తెరిచాడు. వేలితో రీలు అంచును పైకి లేపాడు. రీలు జారి, చుట్టలు చుట్టలుగా విడిపోతూ మోకాళ్ళ దాకా వేలాడింది.

ఠాణా మనిషి దాన్ని చూసి, ఆయన ముఖం చూశాడు. "ఏమైంది?"

"ఖరాబయింది సార్. వెలుతురు తాకింది."

"ఇంకోటి?"

"లేదు సార్."

"గిన్నేండ్లసంది గిదే పని జేస్తున్నవ్ గద." నమ్మాడో లేదో తెలియలేదు. "పొద్దుగాల ఠాణకు రా" అని మళ్ళీ చాయ్ హోటల్ వైపు నడిచాడు.

కనకయ్య తలకొట్టుకున్నాడు. ఊరందరివి తీసి, కన్నతల్లిది చెడగొట్టుకున్నడు చూడు అన్నాడు. ఆడవాళ్ళు కూడా అదే అనుకున్నారు. పరశురాములు వేలాడుతున్న రీలును చుట్టి జేబులో కుక్కుకున్నాడు. అవ్వ కాళ్ళ వైపు తాను పట్టుకున్నాడు, తల వైపు దుర్గవ్వ పట్టుకుంది. చాలా తేలిగ్గా ఉంది. లోపల చాప మీద పడుకోబెట్టారు.

కుర్చీ చాయ్ హోటల్‌ది. వాళ్ళు వచ్చి మడిచి తీసుకుపోయారు. జనం గడప ముందుకు జరిగారు. అప్పుడు కనిపించింది పరశురాములుకు. కుర్చీ వెనక గోడకు, స్టూడియోలో తెర ఉన్నట్టు ఉండాలని, మగ్గం మీదినుంచి కోయించి అవ్వ మేకులు కొట్టించుకున్న తెల్లటి ముతక బట్ట అట్లాగే వేలాడుతోంది. దాని మధ్యలో, ఆమె తల వాల్చి ఆనించిన చోట, నూనె మరక ఒకటి గుండ్రంగా ఇంకి ఉంది.